స్విఫ్ట్‌కు టర్బోనా, సూపర్‌చార్జరా? ముందు ఘాట్ రోడ్డు లెక్క చూద్దాం

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, ఎక్కడైనా పొరబడితే దిద్దండి. మీది 2018 స్విఫ్ట్, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్. ఇల్లు చిత్తూరులో. నెలకోసారి ఐదుగురూ కలిసి తిరుమలకు వెళ్తారు, పని మీద మొగిలి ఘాట్ ఎక్కి బెంగళూరుకు తిరుగుతుంటారు. ఘాట్‌లో బండి లాగడం లేదు, వంపు తిరిగాక పికప్ అసలే లేదు. బెంగళూరులో ఒక షాపు వాళ్లు ఇంజన్‌కు అదనంగా గాలి ఎక్కించే టర్బో కిట్ బిగిస్తామన్నారు. మీ స్నేహితుడేమో టర్బో ఆలస్యంగా అందుకుంటుంది, అదే పని చేసే సూపర్‌చార్జర్ అయితే కాలు పెట్టగానే లాగుతుంది అంటున్నాడు. రెండిటిలో ఏది మంచిదని అడిగారు.

నా షెడ్డు తిరుపతిలో, రేణిగుంట రోడ్డు వైపు. ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే పని. మొదట లారీల టర్బోలు విప్పాను, ఇప్పుడు కార్లవి ఎక్కువ. మీ బండికి నా సమాధానం: రెండూ వద్దు. ఇంతటితో ఆపేస్తే మీకు ఒళ్లు మండుతుంది కాబట్టి ఎందుకు వద్దో చెబుతాను. ఆ క్రమంలో ఏది ఎవరికి సరిపోతుందో కూడా తేలుతుంది.

అలిపిరి దగ్గర మొదలుపెడదాం. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు మీదుగా మనం కొండెక్కుతాం. అది సుమారు 18 కిలోమీటర్లు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలన్నది దేవస్థానం వారు పెట్టిన నియమం. ముందే చేరితే పైన జరిమానా. అంటే సగటున గంటకు 39 కిలోమీటర్ల కంటే వేగంగా వెళ్లే హక్కు మీకు లేదు. ఇప్పుడు బండి బరువు, ఐదుగురి బరువు, సామాను కలిపి 1350 కిలోలు అనుకోండి. వంద మీటర్లకు 8 మీటర్లు లేచే ఎత్తు మీద ఆ బరువును గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కించడానికి కావలసింది 18 లేక 19 హార్స్‌పవర్. అంతే. మీ ఇంజన్ ఇవ్వగలిగింది 80కి పైమాటే. అంటే ఉన్నదాంట్లో నాలుగోవంతు వాడితే కొండెక్కుతుంది.

మరి ఎందుకు లాగడం లేదు? ఆ 80 గుర్రాలు ఎక్కడ కట్టేసి ఉన్నాయో చూడాలి. అవి 6000 ఆర్‌పీఎం దగ్గర ఉన్నాయి. ఈ ఇంజన్ గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 113 న్యూటన్ మీటర్లు, అదీ 4200 ఆర్‌పీఎం దగ్గర. మీరు మూడో గేరులో 1500 దగ్గర వంపు తిరుగుతున్నారని మీ వర్ణనను బట్టే తెలుస్తోంది. అక్కడ ఈ ఇంజన్ నుంచి వచ్చేది మహా అయితే 20 హార్స్‌పవర్. అందులో ఏసీ కంప్రెసర్ మూడో నాలుగో తినేస్తుంది. ఇక మిగిలింది బండిని పాకించడానికే సరి, వేగం పుంజుకోవడానికి చాలదు. అదే బండిని రెండో గేరులోకి దించి 3000 దగ్గర పట్టండి. అదే ఇంజన్, అదే పెట్రోలు, 45 హార్స్‌పవర్ చేతికొస్తుంది. మా వాళ్లలో చాలామందికి ఇంజన్ గట్టిగా అరిస్తే పాడైపోతుందని, పెట్రోలు తాగేస్తుందని భయం. 3000 దగ్గర ఇంజన్ పాడవదు. 1500 దగ్గర యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కిపట్టి మూలుగుతూ లాగిస్తేనే పాడవుతుంది.

ఇక అసలు ప్రశ్న. రెండూ చేసే పని ఒక్కటే. కొలిమి తిత్తి నిప్పుకు గాలి ఊదినట్టు ఇంజన్‌కు గాలి ఎక్కించడం. ఎక్కువ గాలి పోతే ఎక్కువ పెట్రోలు కాల్చవచ్చు. తేడా అంతా తిత్తిని ఎవరు తొక్కుతున్నారన్న దాంట్లో ఉంది. సూపర్‌చార్జర్‌ను ఇంజనే తొక్కుతుంది, క్రాంక్ పుల్లీ (ఇంజన్ ప్రధాన ఇరుసు కొనన ఉండే చక్రం) నుంచి బెల్టు వేసి. టర్బోను బయటికి పోయే పొగ తొక్కుతుంది. పెట్రోలులోని శక్తిలో దాదాపు మూడోవంతు వేడిగా సైలెన్సర్ వెంట వృథాగా పోతుంది. అందులో కొంత పట్టుకుని ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకు రెండో వైపున్న చక్రంతో గాలి నొక్కవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూఖి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. బెల్టు పద్ధతి అంతకంటే పాతది. అందులో ఒక రకానికి ఇప్పటికీ రూట్స్ బ్లోయర్ అనే పేరు. అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో పేటెంటు తీసుకున్న గాలి పంపు అది. అప్పటికి కారే పుట్టలేదు.

చిత్తూరు వాళ్లకు ఇంకో ఉదాహరణ చెబితే ఇట్టే అర్థమవుతుంది. బోరు బండి చూడని రైతు మన వైపు ఉండడు. పొలంలో బోరు వేసేటప్పుడు రాతిపొడిని, నీళ్లను పైకి చిమ్మే గాలి ఎక్కడిది? బండి మీదున్న పెద్ద కంప్రెసర్‌ది. దాని లోపల రెండు మరలు ఒకదానిలో ఒకటి ఇమిడి తిరుగుతూ గాలిని నొక్కుతాయి. కార్లకు వేసే ట్విన్ స్క్రూ సూపర్‌చార్జర్ దానికి చిన్న తమ్ముడు. బోరు బండి కంప్రెసర్ ఆన్ చేయగానే ఇంజన్ ఎలా బరువెక్కి మూలుగుతుందో విన్నారు కదా, సూపర్‌చార్జర్ వేస్తే మీ ఇంజన్ పరిస్థితీ చిన్న ఎత్తున అదే. మీ ఇంజన్‌కు ఒక మాదిరి రూట్స్ బ్లోయర్ బిగించి 7 పీఎస్ఐ ఒత్తిడి పెడితే, 6000 ఆర్‌పీఎం దగ్గర దాన్ని తిప్పడానికే సుమారు 8 హార్స్‌పవర్ పోతుందని నా కాగితం లెక్క. టర్బో కూడా పూర్తిగా ఉచితం కాదు, పొగకు అడ్డు నిలుస్తుంది కాబట్టి పిస్టన్ దాన్ని తోసుకుంటూ పోవాలి. కానీ మొత్తం మీద చవక అదే.

మీ స్నేహితుడి మాటకు వద్దాం. టర్బో ఆలస్యం నిజమే. కాలు పెట్టాక పొగ పెరగాలి, చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటాలి, అప్పుడు గాని ఒత్తిడి రాదు. కిట్లలో వచ్చే టర్బో చాలాసార్లు ఇంజన్‌కు పెద్దది. పై ఆర్‌పీఎంలో గొప్ప సంఖ్య చూపించడానికి పనికొస్తుంది గాని 3000 లోపు నిద్రపోతుంది. 28 నిమిషాల నియమం ఉన్న రోడ్డు మీద అలాంటిది తుమ్మల చెట్టుకు పూలదండ. ఇంతవరకు అతను చెప్పింది సరే.

కానీ సూపర్‌చార్జర్ అనగానే కాలు పెట్టగానే లాగుతుందనడం సగం నిజం. రూట్స్, ట్విన్ స్క్రూ రకాలు చుట్టుకు ఇంత గాలి అని కొలిచి తోస్తాయి కాబట్టి కింది నుంచే ఒత్తిడి ఇస్తాయి. సెంట్రిఫ్యూగల్ అని మూడో రకం ఒకటుంది. చూడటానికి టర్బోలో సగంలా ఉంటుంది, బెల్టుతో తిరుగుతుంది. బిగించడం తేలిక కాబట్టి కిట్లు అమ్మేవాళ్లకు ఇష్టం. దాని ఒత్తిడి ఆర్‌పీఎం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6000 దగ్గర 7 పీఎస్ఐ ఇచ్చేది 3000 దగ్గర రెండు కూడా ఇవ్వదు. 1500 దగ్గర అర పీఎస్ఐ లోపే. మీరు వంపు తిరిగేది ఎక్కడ? ఆ 1500 దగ్గరే. ఎవరైనా సూపర్‌చార్జర్ అంటే మొదట అడగవలసింది ఏ రకం అని. రకం చెప్పలేని మేస్త్రీ దగ్గర బండి వదలకండి.

ఎత్తు గురించి కూడా ఒకమాట, ఎందుకంటే మీరు కొండ మీద గాలి పలచబడుతుంది కదా అని రాశారు. నిజమే, వంద మీటర్లు ఎక్కితే సుమారు ఒక శాతం తగ్గుతుంది. తిరుపతి నుంచి తిరుమల 700 మీటర్లు పైకి. ఏడు శాతం. సూపర్‌చార్జర్‌కు పుల్లీ నిష్పత్తి మారదు కాబట్టి అదీ ఆ ఏడు శాతం పోగొట్టుకుంటుంది. టర్బో మాత్రం గాలి పలచనయ్యేకొద్దీ ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటు పూడ్చుకోగలదు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు విమానం ఇంజన్‌ను టర్బోతో సహా పైక్స్ పీక్ అనే 4300 మీటర్ల శిఖరం మీదకు మోసుకెళ్లి నడిపి చూపించాడు. లద్దాఖ్ వెళ్లేవాళ్లకు అది ముఖ్యం. మన ఏడుకొండలకు అంత దూరం ఆలోచించనక్కరలేదు. ఏడు శాతం పోతే మీకు తెలియను కూడా తెలియదు, ఏసీ వేస్తే తెలుస్తుంది.

ఇప్పుడు వేడి. మన ఊళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోవడం వల్లే ఇంజన్లు పోతున్నాయి. మే నెల మధ్యాహ్నం, బయట 42 డిగ్రీలు. ఆ గాలిని ఒకటిన్నర రెట్లకు నొక్కితే అది వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొన చేతికి తగిలినట్టే. మంచి టర్బో అయితే బయటికొచ్చే గాలి 95 డిగ్రీల పైన ఉంటుంది. నొక్కడంలో నేర్పు తక్కువైన రూట్స్ బ్లోయర్ అయితే 115 దాటుతుంది. వేడి గాలి పలచన. ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టామని మురిసిపోతే టర్బోతో నిజంగా లోపలికి చేరే అదనపు గాలి 27 శాతం, రూట్స్‌తో 20 శాతం. మధ్యలో మంచి ఇంటర్‌కూలర్ పెట్టి 55 డిగ్రీలకు చల్లార్చగలిగితేనే అది 40 శాతం దాటుతుంది. ఘాట్‌లో బస్సు వెనక 20 కిలోమీటర్ల వేగంతో పాకుతున్నప్పుడు ఇంటర్‌కూలర్‌కు గాలి ఎక్కడ తగులుతుంది? కిట్ వాళ్లు చూపించే లెక్కలు ఏసీ గదిలో, పెద్ద ఫ్యాను ముందు తీసినవి.

ఆ వేడి గాలి వెళ్లేది ఎక్కడికి? మీ ఇంజన్‌లో కంప్రెషన్ నిష్పత్తి సుమారు 11. టర్బో లేని ఇంజన్‌గా పుట్టింది కాబట్టి కంపెనీ వాళ్లు అంత బిగువుగా పెట్టారు. ముందే నొక్కిన వేడి గాలిని లోపల ఇంకో 11 రెట్లు నొక్కితే ప్లగ్ నిప్పు వేశాక ఆ మంట చేరకముందే మరో మూలనున్న మిశ్రమం తనంతట తాను పేలుతుంది. అదే నాకింగ్. చెవికి గులకరాళ్లు రేకు డబ్బాలో ఆడించినట్టు వినిపిస్తుంది.

రెండేళ్ల క్రితం మీ బండిలాంటి చిన్న పెట్రోలు కారును తాడు కట్టి లాక్కొచ్చారు. యజమాని పాతికేళ్ల కుర్రాడు, టర్బో కిట్ వేయించి మూడు నెలలు. భాకరాపేట ఘాట్‌లో ఆగిపోయిందట. ఆయిల్ మూత విప్పితే లోపల నుంచి పొగ, కుక్కర్ ఆవిరిలా. హెడ్ దించాను. మూడో పిస్టన్ పై రింగు, రెండో రింగు మధ్య గట్టు ముక్క విరిగి ఉంది. అరచేతిలో పెట్టి చూపించాను, కత్తిరించిన గోరంత ముక్క. ఆ గోరంత ముక్క సిలిండర్ గోడ మీద పైనుంచి కిందికి గీత గీసింది, వేలి గోటికి తగిలేంత లోతుగా. కారణం వెతికితే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పాతవే ఉన్నాయి. గాలి పెంచారు, దానికి తగ్గ పెట్రోలు పెంచలేదు. పై ఆర్‌పీఎంలో పెట్రోలు చాలక మిశ్రమం పలచబడి నాకింగ్ మొదలైంది. పాటల శబ్దంలో కుర్రాడికి వినపడలేదు. కిట్‌కు పెట్టిన ఖర్చు పోగా బ్లాకు బోరింగు, కొత్త పిస్టన్లు, రింగులు, గ్యాస్కెట్లు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. టర్బో మాత్రం నిక్షేపంగా ఉంది, ఇప్పటికీ నా బల్ల మీదే పడి ఉంది. దాని తప్పు ఏమీ లేదు.

అందుకే సరిగ్గా చేయాలంటే కంప్రెషన్ తగ్గించే పిస్టన్లు కావాలి, గట్టి కనెక్టింగ్ రాడ్లు, పెద్ద ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్, క్లచ్, ఆపైన ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) ట్యూనింగ్ తెలిసిన మనిషి. ఆ చివరివాడే దొరకడు. ఇదంతా చేస్తే అయ్యే డబ్బుకు మీ స్విఫ్ట్ అమ్మగా వచ్చింది కలిపితే టర్బోతో పుట్టిన బండే వస్తుంది.

చట్టం సంగతి చాలామంది దాటవేస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా మార్పులు చేయరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని ఉంది. జరిమానా కట్టుకోవచ్చు లెండి. రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు బానెట్ ఎత్తి చూస్తాడు. అక్కడ కంపెనీది కాని వస్తువు కనిపిస్తే క్లెయిము తిరస్కరించడానికి మీరే దారి చూపినట్టు. ఐదుగురిని ఎక్కించుకుని తిరిగే బండి అది.

మరి సూపర్‌చార్జర్ ఎవరికి? కాలికి, చక్రానికి మధ్య ఆలస్యం వద్దు, పెట్రోలు ఎంత తాగినా ఫరవాలేదు అనుకునే పెద్ద ఇంజన్లకు. కొన్నేళ్ల క్రితం వరకు జాగ్వార్, ల్యాండ్ రోవర్ మూడు లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజన్లలో ఉండేది. ఆడి అప్పటి మూడు లీటర్ల ఇంజన్ మీద టీఎఫ్ఎస్ఐ అని రాసి ఉండేది, ఆ టీ చూసి టర్బో అనుకుని విప్పితే లోపల సూపర్‌చార్జర్. నేనూ మొదటిసారి బోల్తా పడ్డాను. తర్వాత ఆ మూడు లీటర్ల ఇంజన్ల చోట టర్బోవి వచ్చాయి, మైలేజీ, పొగ నిబంధనలు మార్చాయి. 2005లో ఫోక్స్‌వ్యాగన్ 1.4 లీటర్ల ఇంజన్‌కు రెండూ బిగించింది. కింద సూపర్‌చార్జర్ లాగి, 3500 లోపు టర్బో అందుకున్నాక మొదటిది విడిపోయేది. తెలివైన పని, కానీ రెండు కాపురాల ఖర్చు. చిన్న టర్బోలు మెరుగయ్యాక దాని అవసరమే పోయింది.

ఎంత మెరుగయ్యాయంటే, హ్యుండాయ్ వెన్యూలో 2019లో వచ్చిన ఒక లీటరు టర్బో 172 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 1500 నుంచే ఇస్తుంది. మీ ఇంజన్ 4200కు ఎగబాకి ఇచ్చే 113తో పోల్చండి. టర్బో చిన్నది, చక్రం తేలిక, పొగ దారి పొట్టి, పిస్టన్లు దానికోసమే పోసినవి. ఘాట్‌కు కావలసింది సరిగ్గా ఇది. నిజాయతీగా చెబితే అలాంటి బండ్లలోనూ 1200 దగ్గర మూడో గేరులో తొక్కితే ఒక క్షణం మూగబోతాయి. గేరు దించక తప్పదు.

ఒకవేళ రేపు టర్బో బండి కొంటే ఇది గుర్తుంచుకోండి. ఆ ఇరుసు మామూలుగా బాల్ బేరింగు మీద కాదు, ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. పొగ వైపు చక్రం పెట్రోలు బండిలో 900 డిగ్రీల దాకా చూస్తుంది. ఆయిల్ మార్పు ఒక్కసారి కూడా వాయిదా వేయకండి, కంపెనీ చెప్పిన గ్రేడే వేయించండి. కొండెక్కి ఆపగానే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఐడిలింగులో ఉంచండి. ఇప్పటి టర్బోలకు నీళ్ల చల్లదనం ఉంది కాబట్టి పూర్వమంత భయం లేదు, అయినా నిమిషం ఖరీదు ఎంత. పాత బండి కొంటుంటే గాలి గొట్టం విప్పించి ఇరుసును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి కదిపి చూడండి. పక్కలకు కొద్దిగా ఆడటం సహజం, ఆ ఆయిల్ పొరకు చోటు అది. దాన్ని చూపించి టర్బో పోయిందని కొత్తది అంటగట్టేవాళ్లున్నారు. ముందుకూ వెనక్కూ ఆడితేనో, పక్కలకు ఆడి చక్రం గోడకు రాసుకుంటేనో పోయినట్టు.

ఇప్పటికి మీ స్విఫ్ట్ సంగతి. ఏ కిట్ మాటా ఎత్తకముందు ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకు పట్టి చూడండి, వెలుతురు కనిపించకపోతే మార్చండి. ప్లగ్గులు ఎప్పుడు మార్చారో గుర్తులేదంటే మార్చే సమయం దాటిందనే. థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వదిలే ద్వారం) శుభ్రం చేయించండి, టైర్లలో గాలి ఐదుగురి బరువుకు తగ్గట్టు పెట్టండి. నా అసలు అనుమానం మాత్రం క్లచ్ మీద. ఏడేళ్లు దాటిన బండి, బెంగళూరు ట్రాఫిక్‌లో సగం తొక్కిన క్లచ్‌తో నడిచింది. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 దగ్గర ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి ఎగిరి వేగం మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారుతున్నట్టు. అలా జారుతుంటే టర్బో పెట్టినా, పది గుర్రాలు ముందు కట్టినా ఆ బలం చక్రానికి చేరదు.

ఆ పరీక్షలో ముల్లు ఏం చేసిందో, అప్పుడు కారులో ఎంతమంది ఉన్నారో రాయండి. క్లచ్ సరిగా ఉందని తేలితే ఈసారి అలిపిరి టోల్ దాటాక ఏసీ ఆపి, వంపు రాకముందే రెండో గేరులోకి దించి, 2500కు తగ్గకుండా కొండెక్కి చూడండి. పైన టైము చీటీ 28 నిమిషాలకు ఎంత దగ్గరగా వస్తుందో అదీ చెప్పండి.